ప్యూర్ డేటాలో మెనూతో మాడ్యూల్స్ మార్చుకునే ర్యాక్ కట్టుకోవడం

ప్యూర్ డేటా (పీడీ) అంటే తెర మీద బాక్సులు పెట్టి, వైర్లతో కలిపి సౌండ్ చేసే ప్రోగ్రాము, అలా గీసిన ఫైలే ప్యాచ్. దాన్ని వాడేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ విసుగు వస్తుంది. ఎకో పెట్టిన చోట ఫిల్టర్ వింటే ఎలా ఉంటుందో చూద్దామనిపిస్తుంది. ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, నాలుగు వైర్లు తెంపి, బాక్సు తీసేసి, కొత్తది పెట్టి, మళ్లీ వైర్లు కలపాలి. ఇంత తతంగమూ అయ్యేసరికి పాత సౌండ్ ఎలా ఉండేదో చెవి మర్చిపోతుంది. మెనూలో పేరు నొక్కగానే మాడ్యూల్ తనంతట తనే వచ్చి కూర్చుంటే బాగుండును కదా. దానికి ఎక్స్‌టర్నల్స్ (బయటి నుంచి తెచ్చి కలుపుకునే బాక్సులు) ఏవీ అక్కర్లేదు, మామూలు వెనిలా పీడీ, అంటే ఏమీ కలపని అసలు పీడీ చాలు.

ఒక మాట ముందే. బాక్సుల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే చేయాలి. 'ఆబ్జ్' అంటే ఓ, బీ, జే, ఈ మూడక్షరాలే. ~ గుర్తు ఉన్నది సౌండ్ బాక్సు, లేనిది కంట్రోల్ బాక్సు. అంకెలు, $, కామాలు ఉన్నవి ఉన్నట్టే.

అసలు కిటుకు ఫైల్లోనే ఉంది

మీ దగ్గరున్న ఏదైనా చిన్న ప్యాచ్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. ఒక్కో బాక్సుకి ఒక్కో లైను కనిపిస్తుంది: 'ఆబ్జ్', రెండు అంకెలు, బాక్సు పేరు. ఆ రెండంకెలూ తెర మీద దాని చోటు. కింద 'కనెక్ట్' లైన్లు ఉంటాయి, ఒక్కోదానిలో నాలుగు అంకెలు. మొదటిది ఏ బాక్సు నుంచి, రెండోది దాని ఎన్నో అవుట్‌లెట్ నుంచి, మూడోది ఏ బాక్సుకి, నాలుగోది ఎన్నో ఇన్‌లెట్‌కి. లెక్క సున్నాతో మొదలవుతుంది. 'కనెక్ట్ 0 0 1 0' అంటే సున్నా నంబరు బాక్సు మొదటి అవుట్‌లెట్ నుంచి ఒకటో నంబరు బాక్సు మొదటి ఇన్‌లెట్‌కి వైరు.

పీడీ ప్యాచ్‌ని తెరిచేటప్పుడు ఈ లైన్లనే ఒక్కొక్కటిగా కాన్వాస్‌కి మెసేజ్‌లుగా పంపుతుంది. ఆ మెసేజ్‌లు మనం కూడా పంపొచ్చు. 'పీడీ స్లాట్' అని ఒక సబ్‌ప్యాచ్ (ప్యాచ్ లోపలి ప్యాచ్) పెడితే, అది 'పీడీ-స్లాట్' అనే పేరు మీద మెసేజ్‌లు వింటూ ఉంటుంది. 'సెండ్ పీడీ-స్లాట్' బాక్సుకి 'ఆబ్జ్ 50 50 ఆస్క్~ 440' అన్న మెసేజ్ పంపండి ('ఆస్క్' అంటే ఓ, ఎస్, సీ). సబ్‌ప్యాచ్ తెరిచి చూస్తే లోపల ఆసిలేటర్ ఉంటుంది. ఏ బాక్సుకి ఏ కమాండో తెలియకపోతే చేత్తో ఒకసారి గీసి, సేవ్ చేసి, టెక్స్ట్ ఎడిటర్‌లో చూసుకోండి. నేనిప్పటికీ అదే చేస్తాను, ఏదీ బట్టీ పట్టలేదు.

బాక్సుల నంబర్లు పుట్టిన వరసలో వస్తాయి. కామెంట్లు, మెసేజ్ బాక్సులు కూడా లెక్కలోకే వస్తాయి. మధ్యలో ఒకటి తీసేస్తే దాని వెనకాల వాటన్నిటి నంబర్లూ ముందుకు జరుగుతాయి. అందుకే ఒక బాక్సుని తీసి ఇంకోటి దూర్చే తెలివితేటలకి పోవద్దు. మొత్తం 'క్లియర్' చేసి మళ్లీ మొదటి నుంచి కట్టడమే సుఖం.

ముందు మాడ్యూల్స్‌కి ఒక ఒప్పందం

చాలామంది మెనూతో మొదలుపెట్టి ఇరుక్కుంటారు. మాడ్యూల్స్ అన్నీ ఒకే ఆకారంలో లేకపోతే మెనూ ఎంత బాగున్నా లాభం లేదు, ప్రతి మాడ్యూల్‌కీ వేరే రకంగా వైర్లు కలపాల్సి వస్తుంది. నేను పెట్టుకున్న ఒప్పందం ఇది: ప్రతి మాడ్యూల్‌కీ ఒక 'ఇన్‌లెట్~', ఒక 'అవుట్‌లెట్~'. మొదటి ఆర్గ్యుమెంట్‌గా స్లాట్ (ర్యాక్‌లో ఒక మాడ్యూల్ కూర్చునే చోటు) నంబరు వస్తుంది, $1 అంటే అదే. నాబ్ విలువ 'నాబ్-$1' అనే పేరు మీద 0 నుంచి 1 దాకా వస్తుంది. అంతే, ఇంకేం ఉండవు. రెండు నాబ్‌లు కావాలనిపిస్తుంది నిజమే, కానీ ముందు ఒకదానితో పనయ్యాక రెండోది పెట్టుకోండి.

'ర్యాక్' అని ఒక ఫోల్డర్ తీసుకోండి, దానిలో 'మాడ్యూల్స్' అని ఇంకో ఫోల్డర్. పీడీ ప్రిఫరెన్సెస్‌లో సెర్చ్ పాత్ దగ్గర 'ర్యాక్' ఫోల్డర్‌ని కలపండి. ఇప్పుడు మొదటి మాడ్యూల్, ఎకో:

'ఇన్‌లెట్~' నుంచి ఒక వైరు నేరుగా 'అవుట్‌లెట్~'కి, ఇంకోటి 'డెల్‌రైట్~ $0-బఫ్ 1000'కి. 'డెల్‌రీడ్~ $0-బఫ్ 300' నుంచి వచ్చే సౌండ్‌ని '*~' గుండా పంపి, దాన్ని మళ్లీ డెల్‌రైట్‌కీ, అవుట్‌లెట్‌కీ కలపండి. 'రిసీవ్ నాబ్-$1' నుంచి వచ్చే అంకెని 0.9తో గుణించి '*~' కుడి ఇన్‌లెట్‌కి ఇవ్వండి. 0.9 ఎందుకంటే, ఫీడ్‌బ్యాక్ 1కి చేరిందంటే ఎకో ఎప్పటికీ తగ్గదు, దాటితే పెరుగుతూనే పోతుంది. చివరగా ఒక 'లోడ్‌బ్యాంగ్' (ప్యాచ్ తెరుచుకోగానే బ్యాంగ్, అంటే 'పని కానివ్వు' అనే సంకేతం, పంపే బాక్సు) పెట్టి నాబ్‌కి మొదటి విలువ 0.5 అందేలా చేయండి.

పేరు ముందున్న $0ని తేలిగ్గా తీసుకోకండి. అబ్‌స్ట్రాక్షన్ (విడి ఫైలుగా సేవ్ చేసి బాక్సులా వాడుకునే ప్యాచ్) ప్రతి కాపీకీ పీడీ ఒక సొంత నంబరు ఇస్తుంది, $0 అంటే అదే. అది లేకుండా రెండు స్లాట్లలో రెండు ఎకోలు పెడితే రెండూ ఒకే పేరుతో డిలే లైను కోసం కొట్టుకుంటాయి.

దీన్ని 'మాడ్యూల్స్' ఫోల్డర్‌లో 'ఎకో' అని సేవ్ చేయండి. ఫైలు పేర్లలో ఖాళీలు వద్దు, ఖాళీ రాగానే పీడీ దాన్ని రెండు మాటలుగా చదువుతుంది. మొదటిసారి నేను నా ఎకోకి 'డిలే' అని పేరు పెట్టుకున్నాను. ఎన్నిసార్లు పిలిచినా సౌండ్ రాలేదు. సౌండ్ వైరుని సౌండ్ కాని ఇన్‌లెట్‌కి కలిపారని పీడీ విండోలో ఒకటే గోల. ఒక సాయంత్రమంతా నా ప్యాచ్‌లో తప్పు వెతుక్కున్నాక వెలిగింది: 'డిలే' అని పీడీకి సొంత బాక్సు ఒకటుంది, అది బ్యాంగ్‌ని ఆలస్యం చేసే కంట్రోల్ బాక్సు. పీడీ సొంత బాక్సు ఉండగా నా ఫైలు వైపు చూడనే చూడదు. అందుకే ఇప్పుడు మాడ్యూల్‌ని ఎప్పుడూ ఫోల్డర్ పేరుతో కలిపి, 'మాడ్యూల్స్/ఎకో' అనే పిలుస్తాను. అలా పిలిస్తే పేర్లు కొట్టుకోవు.

ఇదే ఒప్పందం మీద ఇంకో రెండు మాడ్యూల్స్ చేసుకోండి. 'లోప్~' (ఎల్, ఓ, పీ) చుట్టూ ఒక ఫిల్టర్, ఆసిలేటర్‌తో వాల్యూమ్‌ని ఊపే ట్రెమొలో అయితే పది నిమిషాల పని. ఏమీ చేయకుండా ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్‌కి వైరు మాత్రమే ఉన్న 'ఖాళీ' అనే మాడ్యూల్ కూడా ఒకటి పెట్టుకోండి. స్లాట్‌ని మామూలు దారిగా వదిలేయడానికి పనికొస్తుంది.

స్లాట్

ఇప్పుడు 'ర్యాక్' ఫోల్డర్‌లో 'స్లాట్' అని కొత్త ప్యాచ్. దీనిలో 'పీడీ $0-స్లాట్' అని ఖాళీ సబ్‌ప్యాచ్ ఒకటి పెట్టండి. మాడ్యూల్ వచ్చి దిగేది దీనిలోకే. దీనికి ఇన్‌లెట్లు, అవుట్‌లెట్లు పెట్టకండి. పెడితే ప్రతి 'క్లియర్'కీ అవి కూడా పోతాయి, వాటితోపాటు బయటి వైర్లూ పోతాయి. సౌండ్‌ని వైర్లు లేకుండానే లోపలికీ బయటికీ దాటిద్దాం.

స్లాట్‌లో సౌండ్ దారి: 'ఇన్‌లెట్~' నుంచి 'సెండ్~ $0-ఇన్'కి. అవతల 'రిసీవ్~ $0-అవుట్' నుంచి '*~'కి, అక్కడి నుంచి 'అవుట్‌లెట్~'కి. ఆ '*~' కుడి ఇన్‌లెట్‌కి ఒక 'లైన్~'. అది మాడ్యూల్ మారేటప్పుడు సౌండ్‌ని దించి ఎత్తడానికి.

కంట్రోల్ దారిలో 'రిసీవ్ లోడ్-$1' నుంచి మాడ్యూల్ పేరు వస్తుంది. దాన్ని 'లిస్ట్ అపెండ్ $0 $1' గుండా పంపితే మూడు మాటల లిస్టు అవుతుంది: మాడ్యూల్ పేరు, ఈ కాపీ సొంత నంబరు, స్లాట్ నంబరు. ఆ లిస్టు ఈ మెసేజ్ బాక్సులోకి వెళ్లాలి:

క్లియర్,
ఆబ్జ్ 10 10 రిసీవ్~ $2-ఇన్,
ఆబ్జ్ 10 60 మాడ్యూల్స్/$1 $3,
ఆబ్జ్ 10 110 సెండ్~ $2-అవుట్,
కనెక్ట్ 0 0 1 0,
కనెక్ట్ 1 0 2 0,
లోడ్‌బ్యాంగ్

మెసేజ్ బాక్సు కింద 'సెండ్ పీడీ-$0-స్లాట్'.

ఇది మొత్తం ర్యాక్‌కి గుండెకాయ లాంటిది కాబట్టి కాస్త ఆగుదాం. ఈ ఏడూ ఒకే మెసేజ్ బాక్సులో, కామాలతో, ఇదే వరసలో ఉండాలి. మెసేజ్ బాక్సులో $1, $2 అంటే లోపలికి వచ్చిన లిస్టులోని మాటలు. ప్యాచ్ ఆర్గ్యుమెంట్లతో వాటికి సంబంధం లేదు. $0 అయితే మెసేజ్ బాక్సులో పని చేయనే చేయదు, ఎప్పుడూ సున్నాయే ఇస్తుంది. అందుకే దాన్ని పై బాక్సులోనే లిస్టులో కలిపి $2గా తెచ్చుకున్నాం. పీడీలో ఎక్కువమంది జుట్టు పీక్కునేది ఇక్కడే.

చివరి 'లోడ్‌బ్యాంగ్' కూడా ఊరికే రాలేదు. చేత్తో అబ్‌స్ట్రాక్షన్ పెడితే దాని లోపలి లోడ్‌బ్యాంగ్‌లు వాటంతట అవే కొట్టుకుంటాయి. ఇలా మెసేజ్‌తో పుట్టిస్తే కొట్టుకోవు, మనమే చెప్పాలి. చెప్పకపోతే నాబ్‌కి మొదటి విలువ అందదు, ఎకో మాడ్యూల్ వచ్చి కూర్చుంటుంది కానీ ఎకో వినిపించదు.

ఇంకో హెచ్చరిక. 'క్లియర్' పంపే బాక్సు ఎట్టి పరిస్థితుల్లోనూ క్లియర్ అయ్యే సబ్‌ప్యాచ్ లోపల ఉండకూడదు. కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే, పీడీ మొత్తం క్రాష్ అవుతుంది. మన కంట్రోల్ అంతా బయటే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక టప్‌మని శబ్దం రాకుండా దించి ఎత్తడం. పేరు నేరుగా లిస్ట్ అపెండ్‌కి వెళ్లకుండా, మధ్యలో 'ట్రిగర్ బీ ఏ బీ' పెట్టండి. ట్రిగర్ కుడి నుంచి ఎడమకి పని చేస్తుంది. కుడి చివర బ్యాంగ్ 'లైన్~'కి '0 20' పంపుతుంది, అంటే 20 మిల్లీసెకన్లలో సౌండ్ సున్నాకి దిగుతుంది. మధ్యది పేరుని 'సింబల్' బాక్సు కుడి ఇన్‌లెట్‌లో దాస్తుంది. ఎడమ బ్యాంగ్ 'డిలే 25' గుండా వెళ్లి, ఆ తర్వాత 'ట్రిగర్ బీ బీ'కి. దాని కుడి బ్యాంగ్ సింబల్‌ని కదిలిస్తుంది, మాడ్యూల్ మారుతుంది. ఎడమ బ్యాంగ్ 'లైన్~'కి '1 50' పంపుతుంది, సౌండ్ మళ్లీ పైకి వస్తుంది.

ర్యాక్ ప్యాచ్

పై ప్యాచ్ తేలిక. 'స్లాట్ 1', 'స్లాట్ 2', 'స్లాట్ 3', 'స్లాట్ 4' బాక్సుల్ని ఒకదాని కింద ఒకటి పెట్టి వైర్లు కలపండి. పైన మీ సౌండ్, కింద 'డాక్~' (డీ, ఏ, సీ; సౌండ్‌ని స్పీకర్లకి పంపే బాక్సు). ఏ స్లాట్‌కి పంపాలో ఎంచుకోవడానికి నాలుగు గళ్ల 'హెచ్‌రేడియో'. అది 0 నుంచి 3 ఇస్తుంది, 1 కలిపి 'మేక్‌ఫైల్‌నేమ్ లోడ్-%డి' గుండా, ఆర్గ్యుమెంట్ లేని 'సెండ్' బాక్సు కుడి ఇన్‌లెట్‌కి పంపండి. ఇక్కడ % పక్కన 'డి' అన్నది ఇంగ్లీషు చిన్న అక్షరం డీ. ఆ సెండ్ ఎడమ ఇన్‌లెట్‌కి 'రిసీవ్ ర్యాక్-లోడ్'. హెచ్‌రేడియో ప్రాపర్టీస్‌లో ఇనిట్ ఆన్ చేయడం మర్చిపోకండి. లేకపోతే ప్యాచ్ తెరవగానే ఏ స్లాటూ ఎంచుకోనట్టే, మొదటిసారి మెనూ నొక్కితే ఏమీ జరగదు.

మెనూ దాకా వెళ్లకముందే పరీక్షించండి. '; ర్యాక్-లోడ్ సింబల్ ఎకో' అని ఒక మెసేజ్ బాక్సు పెట్టి నొక్కండి. ఎకో వినిపిస్తే సగం పైగా పని అయిపోయినట్టే. వినిపించకపోతే పీడీ విండో చూడండి. పేరు తప్పయితే బాక్సు కట్టలేకపోయానని చెబుతుంది, స్లాట్ మూగగా ఉంటుంది, క్రాష్ మాత్రం కాదు.

'సెండ్~', 'రిసీవ్~' వాడితే పీడీ లెక్కలు వేసే వరసని బట్టి ఒక్కో జంట దగ్గర ఒక బ్లాకు ఆలస్యం రావచ్చు. బ్లాకు 64 శాంపిళ్లు, 44100 రేటులో సుమారు 1.45 మిల్లీసెకన్లు. నాలుగు స్లాట్లలో జంటలు ఎనిమిది, అన్నిచోట్లా ఆలస్యం వచ్చినా 11.6 మిల్లీసెకన్లు దాటదు. ఎఫెక్టులకి ఇది పట్టించుకోనక్కర్లేదు. పొడి సౌండ్‌ని, ర్యాక్ నుంచి వచ్చినదాన్ని కలిపి వింటే మాత్రం కాస్త డొల్లగా వినిపించవచ్చు.

పై బార్‌లో మెనూ

పీడీ నిజానికి రెండు ప్రోగ్రాములు. సౌండ్ లెక్కలు వేసేది ఒకటి, కిటికీలు, మెనూలు గీసేది ఇంకోటి. రెండోది టీసీఎల్ భాషలో నడుస్తుంది. 0.43 వెర్షన్ నుంచి దానికి మన సొంత ప్లగిన్లు రాసుకోవచ్చు. ఫైలు పేరు '-ప్లగిన్' అని ముగిసి, టీసీఎల్ ఎక్స్‌టెన్షన్‌తో, సెర్చ్ పాత్‌లో ఉన్న ఫోల్డర్‌లో ఉంటే చాలు, పీడీ తెరిచినప్పుడు దానంతట అదే చదువుతుంది. మన 'ర్యాక్' ఫోల్డర్ ఇప్పటికే పాత్‌లో ఉంది కాబట్టి 'ర్యాక్-ప్లగిన్' ఫైలుని అక్కడే పెట్టండి. టీసీఎల్ రాకపోయినా కంగారు పడకండి, మొత్తం పదిహేను లైన్లు దాటదు.

మొదటి లైనులో ప్లగిన్ ఉన్న ఫోల్డర్‌ని గుర్తు పెట్టుకోవాలి. పీడీ దాన్ని 'కరెంట్_ప్లగిన్_లోడ్‌పాత్' అనే గ్లోబల్ వేరియబుల్‌లో ఇస్తుంది. దాన్ని వెంటనే మీ సొంత వేరియబుల్‌లోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే తర్వాతి ప్లగిన్ లోడ్ కాగానే ఆ విలువ మారిపోతుంది. తర్వాత మెనూ పుట్టించి, బార్‌కి తగిలించాలి:

మెనూ .మెనూబార్.ర్యాక్ -టేరాఫ్ 0 -పోస్ట్‌కమాండ్ ర్యాక్_నింపు
.మెనూబార్ యాడ్ క్యాస్కేడ్ -లేబుల్ "ర్యాక్" -మెనూ .మెనూబార్.ర్యాక్

ఇక్కడ పనికొచ్చే ముక్క పోస్ట్‌కమాండ్. మెనూ తెరిచిన ప్రతిసారీ, అది కనిపించబోయే ముందు, 'ర్యాక్_నింపు' అనే ప్రొసీజర్ నడుస్తుంది. దాంతో మెనూ ఎప్పుడూ ఫోల్డర్‌లో ఉన్నదే చూపిస్తుంది. కొత్త మాడ్యూల్ సేవ్ చేసి మెనూ తెరిస్తే అది అక్కడ ఉంటుంది, పీడీని మూసి తెరవక్కర్లేదు.

ఆ ప్రొసీజర్ ముందు 'డిలీట్ 0 ఎండ్'తో మెనూలోని పాత వరసలన్నీ తుడిచేయాలి. ఇది మరిస్తే తెరిచిన ప్రతిసారీ పేర్లన్నీ ఇంకోసారి చేరి మెనూ పెరుగుతూ పోతుంది. తర్వాత 'గ్లోబ్' కమాండ్‌తో మాడ్యూల్స్ ఫోల్డర్‌లోని ప్యాచ్ ఫైళ్లు తెచ్చి, 'ఎల్‌సార్ట్'తో అక్షర క్రమంలో పెట్టండి. గ్లోబ్‌కి '-నోకంప్లెయిన్' తగిలించండి, ఫోల్డర్ ఖాళీగా ఉన్నా ఎర్రర్ ఇవ్వదు. ఇక 'ఫోర్‌ఈచ్'తో ఒక్కో ఫైలూ తీసుకుని, 'ఫైల్ టెయిల్'తో ఫోల్డర్ దారినీ, 'ఫైల్ రూట్‌నేమ్'తో ఎక్స్‌టెన్షన్‌నీ కోసేస్తే ఉత్త పేరు మిగులుతుంది. '-హెల్ప్' అని ముగిసే పేర్లు వదిలేయండి, లేకపోతే హెల్ప్ ప్యాచ్‌లు కూడా మాడ్యూల్స్ వేషంలో మెనూలోకి వస్తాయి. మిగిలిన ప్రతి పేరుకీ 'యాడ్ కమాండ్'తో ఒక వరస. నొక్కితే జరగాల్సిన పని: 'పీడీసెండ్ "ర్యాక్-లోడ్ సింబల్ $పేరు"'. ఈ పనిని 'లిస్ట్' కమాండ్‌తో కట్టి ఇవ్వండి. ఉత్త కర్లీ బ్రేస్‌లలో రాస్తే, నొక్కినప్పుడు ఆ వేరియబుల్ ఎక్కడా దొరకదు.

పీడీసెండ్ చేసేది ఇంతకుముందు మనం మెసేజ్ బాక్సుతో చేసిన పనే, ఈసారి మెనూ నుంచి. ర్యాక్ ప్యాచ్ తెరిచి లేనప్పుడు మెనూ నొక్కితే అలాంటి ఆబ్జెక్ట్ లేదని పీడీ విండోలో ఎర్రర్ వస్తుంది, అంతే.

ప్లగిన్ ఫైలులో ఏ మార్పు చేసినా పీడీని ఒకసారి మూసి తెరవాల్సిందే. మెనూ రాకపోతే పీడీ విండోలో ప్లగిన్ లోడ్ కాలేదన్న ఎర్రర్ కోసం చూడండి. చాలావరకు ఎక్కడో బ్రేస్ మూయకపోవడమే ఉంటుంది.

ఇదే మెనూతో, ర్యాక్ ఊసు లేకుండా, ఎదురుగా ఉన్న ఏ ప్యాచ్‌లోనైనా మాడ్యూల్‌ని దించవచ్చు. పీడీసెండ్ బదులు 'మెనూ_సెండ్' వాడి, దానికి '$::ఫోకస్డ్_విండో', 'ఆబ్జ్ 50 50 మాడ్యూల్స్/ఎకో' ఇవ్వండి. ఎదురుగా ఉన్నది ప్యాచ్ కిటికీయేనా అని ముందు 'విన్ఫో క్లాస్'తో అడిగి చూసుకోవడం మంచిది. 'ప్యాచ్‌విండో' (ఇక్కడ మాత్రం పీ, డబ్ల్యూ పెద్దక్షరాలు) అని జవాబు వస్తేనే పంపండి.

వేదిక మీద మాత్రం

సౌండ్ బాక్సు ఒకటి పుట్టినా, పోయినా, వైరు కలిసినా, పీడీ మొత్తం సౌండ్ లెక్కల వరసని మళ్లీ కట్టుకుంటుంది. చిన్న ప్యాచ్‌లో తెలియను కూడా తెలియదు. ప్యాచ్ పెద్దదైతే ఆ కట్టుకునే సమయం ఆడియో బఫర్‌ని దాటిపోతుంది, అప్పుడు మారుతున్న స్లాట్ ఒక్కటే కాదు, మొత్తం సౌండ్ తెగుతుంది. మనం పెట్టిన దించి ఎత్తడం దీనికి మందు కాదు. రిహార్సల్‌లో బాగానే నడిచిన ర్యాక్, జనం ముందు ఇంకో రెండు పెద్ద ప్యాచ్‌లు తెరిచి ఉండగా మెనూ నొక్కేసరికి ఒక్క క్షణం నోరు మూసేసింది. నా పక్కన వాయిస్తున్నతను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఇంట్లో సౌండ్ వెతుక్కునేటప్పుడు మెనూతో ఇష్టమొచ్చినట్టు మారుస్తాను. వేదిక కోసం కావాల్సిన మాడ్యూల్స్ అన్నీ ముందే లోడ్ చేసి, ప్రతిదానిలో ఒక 'స్విచ్~' పెట్టి, అక్కర్లేనివాటికి 0 పంపి నిద్రపుచ్చుతాను. నిద్రపోయే మాడ్యూల్ సీపీయూ తినదు, లేపితే లెక్కల వరస మళ్లీ కట్టాల్సిన పనీ లేదు. ఒకే మాడ్యూల్ ఎనిమిదో పదహారో కాపీలు కావాలంటే అసలీ తిప్పలే వద్దు, 'క్లోన్' బాక్సు ఉంది, 0.47 నుంచి వెనిలాలోనే వస్తోంది.

ఎంచుకున్నవి గుర్తుండాలంటే

ర్యాక్‌ని సేవ్ చేసి మళ్లీ తెరిస్తే స్లాట్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి. స్లాట్ ఒక అబ్‌స్ట్రాక్షన్ కాబట్టి, దాని కడుపులో పుట్టినవి పై ప్యాచ్ ఫైలులోకి రావు. దీనికి 'సేవ్‌స్టేట్' బాక్సు ఉంది, 0.49 నుంచి. పై ప్యాచ్‌ని సేవ్ చేస్తున్నప్పుడు అది ఒక బ్యాంగ్ ఇస్తుంది. అప్పుడు ప్రస్తుత మాడ్యూల్ పేరుని 'లిస్ట్' బాక్సు గుండా దానికి తిరిగి ఇవ్వండి. ప్యాచ్ మళ్లీ తెరిచినప్పుడు అదే పేరు దాని అవుట్‌లెట్ నుంచి వస్తుంది. దాన్ని 'సింబల్ $1' మెసేజ్ గుండా మన మొదటి ట్రిగర్‌కి కలిపితే స్లాట్ తనంతట తనే నిండుతుంది. పేరు దాచడానికి రెండో 'సింబల్' బాక్సు ఒకటి విడిగా పెట్టండి. పాతదాన్నే వాడితే సేవ్ చేసిన ప్రతిసారీ మాడ్యూల్ కొత్తగా పుడుతుంది.

పీడీ మీదే కట్టిన వేరే ప్రోగ్రాములు ప్లగ్‌డేటాలోనో, పర్ డేటాలోనో పని చేసేవాళ్లకి స్లాట్, ర్యాక్ ప్యాచ్‌ల వరకే ఈ దారి పనికొస్తుంది. ఆ రెండిటి కిటికీలు టీసీఎల్‌తో గీసినవి కావు కాబట్టి మెనూ ప్లగిన్ అక్కడ నడవదు. వాళ్లు మెనూ బదులు ర్యాక్ ప్యాచ్‌లోనే ఇంకో హెచ్‌రేడియో పెట్టి, దాని కింద 'సెలెక్ట్', దాని కింద ఒక్కో మాడ్యూల్ పేరుతో ఒక్కో మెసేజ్ బాక్సు పెట్టుకుంటే సరిపోతుంది.